స్క్రీన్ కంటే ముందు మన ఊరి రాయిని చూపిద్దాం



2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి చరిత్ర పుస్తకాన్ని దేశమంతటా పిల్లలు ఏళ్ల తరబడి చదివారు. అందులో ఆదిమానవుల పాఠంలో కర్నూలు గుహల ప్రస్తావన ఉంది. ఆ గుహల్లో బూడిద ఆనవాళ్లు దొరికాయి కాబట్టి అప్పటి మనుషులకు నిప్పు వాడకం తెలిసి ఉంటుందని ఆ పాఠం చెబుతుంది. ఎక్కడో ఢిల్లీలో, గువాహటిలో కూర్చున్న పిల్లలు కూడా మ్యాపులో కర్నూలును వెతికి చూశారు. మన పిల్లలూ వెతికారు, జవాబు బట్టీపట్టారు, పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్నారు. కానీ ఆ గుహలు బేతంచర్ల చుట్టుపక్కల కొండల్లోనే ఉన్నాయని, కర్నూలులో పొద్దున బయల్దేరితే చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చని వాళ్లలో ఎంతమందికి తెలుసు? మనలో ఎంతమందికి తెలుసు?

ప్రాచీన మానవులు అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేవి ఈజిప్టు పిరమిడ్లు, మమ్మీలు, మొహెంజొదారో స్నానవాటిక. అవీ తెలుసుకోవాల్సినవే, కాదనడం లేదు. అయితే చరిత్ర అంతా ఎక్కడో జరిగిందని, మన సీమలో కరువు తప్ప ఏమీ లేదని ఒక పదేళ్ల బిడ్డ మనసులో పడిపోతే దాన్ని తీసేయడం కష్టం. అది నిజం కూడా కాదు. అందుకే ఈ నెల మీతో ఒక అభిప్రాయం పంచుకోవాలనుకుంటున్నాను. ప్రాచీన మానవుల గురించి నేర్పేటప్పుడు మొదట చోటు చూపిద్దాం, తర్వాత మ్యూజియం, ఆ తర్వాతే ఫోన్. ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ వరుస తిరగబడి ఉంది. ఫోన్‌తో మొదలై ఫోన్‌తోనే అయిపోతోంది.

మన నేలలో ఏముంది?

బేతంచర్ల కొండలు సున్నపురాయి కొండలు. మన ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఆ నేల నుంచే వస్తాయి. సున్నపురాయి పగుళ్లలోకి వేల ఏళ్లు వాననీరు దిగుతూ ఉంటే రాయి కరిగి గుహలు ఏర్పడతాయి. మీలో చాలామంది చూసి వచ్చిన బెలూం గుహలు అలా తయారైనవే. బేతంచర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్లో 1884-85 కాలంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపారు. పాత జంతువుల ఎముకలు ఎన్నో బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన లైడెక్కర్ అనే శాస్త్రవేత్త 1886లో వాటిలోని ఒక ఖడ్గమృగానికి మన కర్నూలు పేరే పెట్టాడు: రైనోసరస్ కర్నూలియెన్సిస్. కర్నూలు పేరుతో ఒక ఖడ్గమృగం! ఇప్పుడు కంపచెట్లు తప్ప కనిపించని ఆ కొండల కింద ఖడ్గమృగం తిరిగిందంటే అప్పట్లో ఇక్కడ నీళ్లు, గడ్డి ఎలా ఉండేవి? పిల్లలకు ఈ ఒక్క ప్రశ్న వేసి చూడండి.

అదే ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవి అనే గుహ ఉంది. గుహను గవి అనడం మన పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి అక్కడ తవ్వినప్పుడు ఎముకతో చేసిన పనిముట్లు, నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాలు దొరికాయి. ఆ పొయ్యి వయసు సుమారు 17 వేల ఏళ్లు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా మిగిలిన కర్నూలు గుహల నిప్పు వెనుక ఇంత కథ ఉంది.

ఇంకా వెనక్కి వెళదాం. బనగానపల్లె దగ్గర జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే ఊరు. సుమారు 74 వేల ఏళ్ల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఈ లోయలో పడింది. ఇప్పటికీ అక్కడ మట్టి పొరల మధ్య ఆ తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. మైఖేల్ పెట్రాలియా, రవి కొరిశెట్టర్ తదితరుల బృందం అక్కడ తవ్వితే బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పైన కూడా దొరికాయి. అంటే ఆ ఉత్పాతానికి ముందూ మనుషులు ఉన్నారు, తర్వాతా ఉన్నారు. 2007లో సైన్స్ పత్రికలో ఈ సంగతి అచ్చయ్యాక ప్రపంచంలో ప్రాచీన మానవుల గురించి పరిశోధించే వాళ్లందరికీ జ్వాలాపురం పేరు తెలిసింది. పక్క ఊళ్లలోని మన పిల్లల్లో చాలామందికి మాత్రం తెలియదు.

కడప వైపు వాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ముద్దనూరు దగ్గర చింతకుంటలో రాతి గుండ్ల మీద ప్రాచీన చిత్రాలున్నాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపు కేతవరంలోనూ అలాంటివే ఉన్నాయి. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం సుమారు 575వ సంవత్సరానిది. మనకు తెలిసిన తొలి తెలుగు శాసనంగా దాన్నే చెప్పుకుంటున్నాం. మన పిల్లలు ఈ రోజు రాసే తెలుగుకు మొదటి సాక్ష్యం కడప జిల్లా పల్లెలో ఉంది.

తుగ్గలి మండలం ఎర్రగుడి దగ్గర కొండరాళ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దానివి. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. అందులో ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, తర్వాతి పంక్తి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మడక కట్టి సాలు దున్ని, చివర ఎద్దులను తిప్పుకుని మళ్లీ వచ్చినట్టు. ఇలా రాసే పద్ధతికి గ్రీకులు పెట్టిన పేరుకు కూడా ఎద్దు మళ్లినట్టు అనే అర్థం. తొలకరి పడగానే ఆ తుగ్గలి, జొన్నగిరి పొలాల్లోనే ఎందరో నేలచూపులు చూస్తూ వజ్రాల కోసం వెతుకుతారు. ఆ పక్కనే బండ మీద రెండు వేల రెండు వందల ఏళ్ల నాటి మాట చెక్కి ఉందని ఎంతమంది తలెత్తి చూస్తున్నారు?

మరి మ్యూజియం ఎందుకు? ఫోన్ ఎందుకు?

చోటు చూస్తే సరిపోదు. అక్కడ దొరికిన వస్తువులు చాలావరకు అక్కడ లేవు. ఫుట్ జీవితమంతా పోగుచేసిన రాతి పనిముట్ల సేకరణను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. అది ఇప్పుడు చెన్నై ఎగ్మోరులో ఉంది. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు తవ్వకాల్లో బయటపడిన జైన శిల్పాల్లో కొన్ని కూడా చెన్నైకే చేరాయి. అమరావతి శిల్పాలు చెన్నైలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. అన్నిటినీ తిరిగి చూడటం ఏ కుటుంబానికీ సాధ్యం కాదు. ఇక్కడే ఫోన్ నిజంగా ఉపయోగపడుతుంది. బ్రిటిష్ మ్యూజియం తన సేకరణలను ఫోటోలు, నంబర్లతో ఆన్‌లైన్‌లో పెట్టింది. మన కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా, ఇండియన్ కల్చర్ అనే పోర్టళ్లు ఉన్నాయి. మానవ పరిణామం గురించి అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ ప్రత్యేకంగా ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. అన్నీ ఉచితమే.

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ సంగతి పిల్లలకు చెప్పండి. వేల ఏళ్ల నాటి జంతువుల చిత్రాలున్న ఆ గుహను సందర్శకుల ఊపిరి వల్లే బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఇప్పుడు మామూలు జనం అసలు గుహలోకి వెళ్లలేరు. ఇంటర్నెట్‌లో మాత్రం లోపలంతా తిరిగి చూడవచ్చు. చింతకుంట బొమ్మలు చూసి వచ్చిన పిల్లవాడు ఆ రాత్రి లాస్కో గుహ చూస్తే వాడికే పోలికలు తడతాయి, తేడాలూ తడతాయి. చింతకుంట చూడకుండా లాస్కో చూసినవాడికి అది మరో వీడియో, అంతే. వరుస ముఖ్యం అన్నది ఇందుకే.

ప్రాజెక్ట్ వర్క్ గురించి ఒక మాట

మీకూ తెలిసిన విషయమే. సోషల్ ప్రాజెక్ట్ అనగానే ముందురోజు రాత్రి అమ్మ ఫోన్ పట్టుకుంటుంది, నాన్న జిరాక్స్ షాపుకు పరిగెడతాడు. రంగు ప్రింట్లు, చార్టు, మెరుపు కాగితం అంచు. హరప్పా ముద్రికల బొమ్మలు పది. పిల్లవాడు అతికిస్తాడు. తర్వాత దాని గురించి అడిగితే ఏమీ చెప్పలేడు. తప్పు పిల్లవాడిది కాదు. వాడు ఆ పది బొమ్మల్లో ఒక్కదాన్నీ చూడలేదు, అతికించాడు.

సోషల్ టీచర్లుగా మాకు అలాంటి చార్టు కంటే ఒక పేజీ ముద్దు. ఒకే ఒక వస్తువు. పిల్లవాడి సొంత చేతిరాత, సొంత బొమ్మ, వంకరగా ఉన్నా పర్వాలేదు. దాని గురించి వాడికి వచ్చిన ఒక ప్రశ్న, దానికి వెతికి తెలుసుకున్న జవాబు. మీరు సాయం చేయాలనుకుంటే గమ్ పట్టుకోవద్దు, చేయి పట్టుకుని తీసుకెళ్లండి.

మ్యూజియంలో అరగంట

కడపలో ఉన్నవారికి భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఊళ్లోనే ఉంది. జిల్లాలో దొరికిన శిల్పాలను అక్కడ చూడవచ్చు. కర్నూలు వాళ్లకు తుంగభద్ర దాటితే అలంపురం. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోకుండా కూడలి నుంచి రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్లీ కట్టిన సంగమేశ్వరాలయం కూడా అలంపురంలోనే ఉంది. బయల్దేరే ముందు సెలవు ఏ రోజో కనుక్కోండి. పురావస్తు శాఖ మ్యూజియంలు మామూలుగా శుక్రవారం మూసి ఉంటాయి.

లోపలికి వెళ్లాక అన్నీ చూపించాలని చూడకండి. మ్యూజియంలో పిల్లలకు విసుగు పుట్టేది అందుకే. ఒక చుట్టు తిరగనివ్వండి. తర్వాత నీకు నచ్చినది ఒకటి ఎంచుకో అనండి. దాని ముందు పది నిమిషాలు నిలబడి ఇవి అడగండి. ఇది ఏ రాయి? ఈ చుట్టుపక్కల దొరికే రాయేనా? ఎక్కడ అరిగింది, ఎక్కడ విరిగింది? దీన్ని చేసినవాళ్ల చేతిలో ఏ పనిముట్టు ఉండి ఉంటుంది? ఇది ఎక్కడ దొరికిందని చీటీ మీద రాసి ఉంది? ఈ ప్రశ్నలకు మీకు జవాబులు తెలియాల్సిన అవసరం లేదు. నాకూ తెలీదు, ఇంటికి పోయి చూద్దాం అనండి. అమ్మానాన్నలు కూడా వెతికి తెలుసుకుంటారని బిడ్డకు తెలియడమే పెద్ద పాఠం.

వీలైతే అవ్వనో తాతనో వెంట తీసుకెళ్లండి. నున్నగా అరిగిన రాయిని చూసి పిల్లలు వింతపడితే, ఇసుర్రాయి తిప్పిన చేతులు, రోట్లో దంచిన చేతులు ఆ అరుగుదల ఎలా వస్తుందో చెప్పగలవు. ఏ వెబ్‌సైట్‌లోనూ ఆ జవాబు అలా దొరకదు.

ఫోన్‌లో ఏది నమ్మాలి?

యూట్యూబ్‌లో ప్రాచీన మానవులు అని కొడితే మొదట వచ్చేవి చాలాసార్లు మ్యూజియం వీడియోలు కావు. ముప్పై అడుగుల అస్థిపంజరాలు, గ్రహాంతరవాసులు కట్టిన గుళ్లు, ఫలానా కొండలో గుప్తనిధి. ఇప్పుడు కంప్యూటర్ తయారుచేసిన నకిలీ ఫోటోలు కూడా తోడయ్యాయి. ఫోన్ లాక్కుంటే పిల్లలు నేర్చుకోరు. మూడు విషయాలు చూడటం నేర్పండి. ఒకటి, దీన్ని పెట్టింది ఎవరు? మ్యూజియమా, యూనివర్సిటీయా, పేరు లేని ఛానలా? రెండు, వస్తువు ఎక్కడ దొరికింది, ఇప్పుడు ఎక్కడ ఉంది అన్నది రాశారా? మూడు, తేలని విషయాన్ని తేలలేదని చెబుతున్నారా?

మూడోది చాలా ముఖ్యం. జ్వాలాపురం పనిముట్లే తీసుకోండి. వాటిని చేసింది మనలాంటి ఆధునిక మానవులేనని తవ్విన బృందం వాదించింది. ఆ మాట ఒప్పుకోని పండితులూ ఉన్నారు. చర్చ ఇంకా నడుస్తోంది. ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లలో ఒకటి కరెక్ట్ అని అలవాటైన మన పిల్లలకు, జవాబు ఇంకా తేలని ప్రశ్నలు కూడా ఉంటాయని తెలియాలి. పెద్దయ్యాక సైంటిస్టో డాక్టరో కావాలనుకునే బిడ్డకు ఇది మరీ అవసరం.

మార్కులొస్తాయా?

ఇదంతా చదివాక మీ మనసులో ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. ఫీజులు కడుతున్నాం, ఫౌండేషన్ క్లాసులున్నాయి, ఆదివారం కూడా టెస్టులున్నాయి, గుహలు చూస్తే ఏం వస్తుంది? నిజాయితీగా చెప్పాలంటే ర్యాంకు వస్తుందని నేను మాట ఇవ్వలేను. అలా చెప్పి మిమ్మల్ని ఒప్పించడం నాకు ఇష్టం లేదు. కానీ ఒక వస్తువును నిలబడి చూడటం, చూసినదానికీ ఊహించినదానికీ తేడా గుర్తించడం, ఆధారం ఏమిటని అడగడం - ఇవి ఏ సబ్జెక్టుకైనా పనికొచ్చేవే. వీటికి టర్మ్‌కు ఒక ఆదివారం ఇవ్వలేనంత ఇరుకుగా పిల్లల జీవితం ఉంటే, దాని గురించి ఇంట్లోనూ స్కూల్లోనూ మనందరం కలిసి ఆలోచించాలి. ఎక్స్‌కర్షన్ అంటే వాటర్ పార్కే కానక్కర్లేదని మేమూ గుర్తుపెట్టుకోవాలి.

ఆలస్యం చేస్తే ఏం పోతుంది?

ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. ఈ చోట్లు మన పిల్లలు పెద్దయ్యేదాకా ఆగుతాయన్న నమ్మకం లేదు. జ్వాలాపురంలో 74 వేల ఏళ్లు నిలిచిన బూడిదను వ్యాపార అవసరాల కోసం తవ్వి తరలించారు. పాత గుళ్లు, సమాధులు కనిపిస్తే గుప్తనిధుల ఆశతో రాత్రికి రాత్రి తవ్వేసే ముఠాల వార్తలు మన జిల్లా పేపర్లలో కొత్త కాదు. చిత్రాలున్న బండల మీద ప్రేమికుల పేర్లు గీకే వాళ్లకూ కొదవ లేదు. పురావస్తు విషయంలో పోయింది మళ్లీ రాదు. ఒక రాతి పనిముట్టు విలువ ఆ రాయిలో లేదు, అది ఏ పొరలో, దేని పక్కన ఉంది అన్నదాంట్లో ఉంది. దాన్ని తీసి జేబులో వేసుకున్న క్షణాన అది మామూలు గులకరాయి అయిపోతుంది.

అందుకే పిల్లలతో వెళ్లినప్పుడు కొన్ని పద్ధతులు పాటించండి. ఏమీ ఏరుకోవద్దు. ఫోటో తీసుకోండి, సైజు తెలిసేలా పక్కన ఒక పెన్ను పెట్టండి. బండల మీది బొమ్మలను తాకవద్దు, బాగా కనిపిస్తాయని నీళ్లు చల్లవద్దు. లైట్లు లేని గుహల్లోకి ఊరివాళ్ల తోడు లేకుండా పిల్లలను పంపవద్దు. ఎండాకాలం మానేసి కార్తీకం నుంచి మాఘం లోపు పెట్టుకోండి. నీళ్లు, టోపీ, మంచి చెప్పులు మరవద్దు. ఊళ్లో కనిపించిన పెద్దవాళ్లకు నమస్కారం పెట్టి, ఈ చోటును మీరు ఏమని పిలుస్తారు అని పిల్లల చేత అడిగించండి. పుస్తకంలో లేని పేరు ఒకటి దొరకవచ్చు.

చోటు చూసిన బిడ్డ దాన్ని పాడుచేయడు. పాడుచేస్తుంటే ఊరుకోడు కూడా. చట్టాలు, బోర్డులు, ముళ్లకంచెలు చేయలేని పని అది. ఇరవై ఏళ్ల తర్వాత ఈ జిల్లాల్లో ఇంజినీర్లు, తహసీల్దార్లు, కాంట్రాక్టర్లు అయ్యేది ఈ పిల్లలే. ఒక కొండను క్వారీకి ఇవ్వాలా వద్దా అన్న కాగితం వాళ్ల బల్ల మీదికే వస్తుంది. ఆ రోజు ఆ కొండ పేరు వాళ్లకు తెలిసి ఉండాలి.

ఈ చలికాలంలో ఒక్క ఆదివారం పెట్టుకోండి. కడప, అలంపురం, బేతంచర్ల, ఎర్రగుడి, ఏది మీకు దగ్గరైతే అది. తిరిగి వచ్చాక మీ బాబో పాపో రాసిన ఆ ఒక్క పేజీని డైరీలో పెట్టి సోషల్ టీచర్‌కు పంపండి. మార్కులు వేయం. క్లాసులో అందరికీ చదివి వినిపిస్తాం.